పెంచలయ్య బండికి దీపం ఉంది

ఇది ఇన్నేళ్ళుగా ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత, ఆత్మకూరులో ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టిన తర్వాత. ఎవరిచేతనయినా రాయించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రాయించుకోవాలంటే ముందు ఒకరికి నోటితో చెప్పాలి. నోటితో చెప్పగలిగిన దాన్నయితే కాగితంతో నాకు పనేముంది?

మా వైపు బాటల పక్కన మూటలు దించుకోవడానికి రాళ్ళు నిలబెట్టి ఉంటాయి. నెత్తిన బరువుతో నడిచేవాళ్ళు ఆ రాతి మీద మూట ఆనించి, కాసేపు మెడ తిప్పుకుని, మళ్ళీ ఎత్తుకుంటారు. నా మూటకు అలాంటి రాయి ఎక్కడా దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మా ఆయన పేరూ రాయను. పెంచలయ్య పేరు మాత్రం రాస్తాను. ఆ పేరు చెడింది నావల్ల.

మర్రిపాడులో ఇప్పటికీ అతన్ని 'దీపం లేని పెంచలయ్య' అంటారు. పిల్లలు కూడా అంటారు. ఒకప్పుడు అతనికి రెండెద్దుల బండి ఉండేది. ఇప్పుడు లారీలకు బస్తాలు మోస్తున్నాడు.

మా ఆయన వ్యాను డ్రైవరు. బొగ్గు పొగతో నడిచే బస్సులు పోయి పెట్రోలు వ్యాన్లు వచ్చిన కొత్త అది. వ్యాను అంటే పేరుకే. పాత లారీకి చెక్క గూడు బిగించి, లోపల బల్లలు వేశారు. కోళ్ళ గంపలో కుక్కినట్టు మనుషుల్ని కుక్కేవాళ్ళు. పైన మూటలు, మూటల మీద మళ్ళీ మనుషులు. ముందు దీపాల్లో ఒకటి వెలిగితే ఒకటి వెలిగేది కాదు. ఆ వ్యాను పొద్దున ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయి, సాయంత్రం తిరిగి వచ్చేది.

ఆయన వేగానికి దారి పొడవునా తిట్లే. గొర్రెలు తోలుకునేవాళ్ళు మట్టిగడ్డలు విసిరేవాళ్ళు. అవతలి ఓనరు వ్యానుతో గిరాకీ కోసం పందెం వేస్తున్నాడని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన పందెం పొద్దుతో. పొద్దు ఉదయగిరి కొండ వెనక్కి దిగిందంటే ఆయనకు దారి కనిపించదు. ఆయనకు రేచీకటి.

ఆ సంగతి నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. దీపాలు పెట్టిన తర్వాత అన్నం ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న నీళ్ళ చెంబు కోసం నేలంతా తడిమేవాడు. కార్జం వండి పెట్టాను. మునగాకు పెట్టాను. ఎవరేం చెబితే అది పెట్టాను. తగ్గలేదు. ఓనరుకు తెలిస్తే ఆ రోజే దింపేస్తాడు. ఆయనకు చక్రం తప్ప ఇంకో పని చేతకాదు. అందుకని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఉదయగిరిలో కొండ మీది శీకాయ, కుంకుడుకాయ కొని ఆత్మకూరులో అమ్ముతానని చెప్పి, రోజూ నేను ఆ వ్యానులో పోయేదాన్ని. వచ్చేటప్పుడు ఆయన పక్కన ముందు బల్ల మీద కూర్చుని, నాలో నేను గొణుక్కుంటున్నట్టు చెప్పేదాన్ని. ఎడమకు మలుపు. ఎనుములు. గుంత. మనిషి. బండి. డ్రైవరు పెళ్ళాం దేవుడి నామాలు చదువుకుంటుందని ప్రయాణికులు అనుకునేవాళ్ళు.

అంతమంది ప్రాణాలు నా గొణుగుడు మీద నడుస్తున్నాయని నాకు తెలుసు. తెలిసీ రోజూ ఎక్కేదాన్ని. కడుపు కోసమని చెప్పుకునేదాన్ని. కడుపు ఆ వ్యానులో కూర్చున్నవాళ్ళకు లేదా? ఈ ప్రశ్న అప్పుడు నాకు ఎందుకు తోచలేదు? తోచింది. పక్కకు నెట్టాను.

ఆ రోజు చలికాలం. పొద్దు తొందరగా కుంకే రోజులు. ఉదయగిరిలో ఓనరు మనిషి, వ్యాను నిండలేదని కదలనివ్వలేదు. ఆయన మాటిమాటికీ కొండ వైపు చూస్తున్నాడు. నేను కూడా చూస్తున్నాను. ఆకాశం ఎర్రబడుతోంది. 'ఈ పూటకు నేను తోలను' అని ఆయన అనవచ్చు. 'వద్దు' అని నేను అనవచ్చు. ఇద్దరం అనలేదు. చివరకు కిటకిటలాడుతూ వ్యాను కదిలింది.

ఉన్న వెలుతురులో ఎంత దూరం పోతే అంత మేలని ఆయన ఒకటే తోలడం. మా వెనక బల్ల మీద రంగమ్మవ్వ అని ఒక ముసలామె కూర్చుంది. ఆత్మకూరులో కొడుకు దగ్గరకు వస్తోంది. ఒడిలో కోడిపెట్ట.

"ఏందిరా డ్రైవరా ఆ తోలడం? యముడు దున్నపోతునెక్కి నీ ఎనకాల తరుముకొస్తా ఉండాడా?" అంది.

"బయమైతే కళ్ళు మూసుకో అవ్వా," అన్నాడు ఆయన.

"నేను మూసుకుంటాలే. నువ్వు తెరిసి పెట్టుకోరా నాయనా."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అప్పటికే మసక పడింది. నేను ఎప్పటిలాగే "ఎడమకు మలుపు" అన్నాను. వ్యాను తిరిగింది. ముసలామె చెవులు గట్టివి.

"ఓసి నీ పాసుగూల! పెళ్ళాం చెప్తేనే గానీ చక్రం తిప్పడంట ఈ మొగోడు!"

ఈసారి పైన మూటల మీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది. నా వైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు అరిచాడు.

"నోరు మూసుకోని కూచో! దారి నాకు తెలీదా? నువ్వొచ్చి నేర్పినావా?"

నోరు మూసుకున్నాను.

ఇక్కడి నుంచి చెయ్యి ఆగుతోంది. కాగితం పక్కన పెట్టి, వాకిలి ఊడ్చి, మళ్ళీ కూర్చున్నాను.

మర్రిపాడు దగ్గరపడుతోంది. దూరంగా దారి మీద, రెండు చక్రాల మధ్య, ఊగుతూ ఒక చిన్న వెలుగు కనబడింది. బండి ఇరుసుకు వేలాడదీసిన లాంతరు. పుల్లల బండి. అది మాకంటే ముందు, మేము పోయే వైపుకే పోతోంది. నేను చూశాను. బాగా చూశాను. ఆయనకు కనబడలేదని కూడా నాకు తెలుసు, ఎందుకంటే కనబడి ఉంటే ఆయన కాలు బ్రేకు మీదకు పోయేది, ఆ కాలు ఎప్పుడు కదులుతుందో ఎప్పుడు కదలదో పక్కన కూర్చుని కూర్చుని నాకు నా కాలి కంటే బాగా తెలుసు. అయినా చెప్పలేదు. అడగనీ అనుకున్నాను. 'ఏముంది ముందర?' అని ఒక్క మాట, ఆ నవ్విన జనం అందరూ వింటుండగా, అడగనీ అనుకున్నాను.

ఆయన అడగలేదు. నేను నోరు తెరిచేసరికి ఆలస్యమైంది.

ఎంతసేపు ఊరుకున్నాను? ఒక ఊపిరి. రెండు ఊపిరులు. కొలవలేను. భయంతో నోరు పెగలలేదేమో అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోబోయాను. కాదు. అది కోపం. రోషం. ఆ వ్యాను నిండా మనుషులుండగా, నా రోషమే నాకు పెద్దదయింది.

వ్యాను బండిని గుద్ది, దారి దిగి, పక్కకు ఒరిగిపోయింది. ఒకటే ఏడుపులు. పైనున్నవాళ్ళు చెట్టు మీది కాయల్లా రాలిపడ్డారు. చాలామందికి దెబ్బలు తగిలాయి. రంగమ్మవ్వ అక్కడే పోయింది. ఆమె ఒడిలోని కోడి బతికింది. మనుషుల మధ్య తిరుగుతూ అది కొక్కొక్కొ అంటూనే ఉంది. ఒక ఎద్దు నడుం విరిగి పడి ఉంది. నేను బయటకు పాకి వచ్చి చూస్తే, బండి ఒక చక్రం మీద వాలి ఉంది. ఇరుసు కింద లాంతరు ఇంకా వెలుగుతోంది. గాజు కూడా పగల్లేదు.

నేను మొదట చేయాల్సింది ఏమిటి? ఎవరికయినా నీళ్ళు పట్టాలి. ముసలామె తల ఒళ్ళో పెట్టుకోవాలి. నేను ఆ లాంతరు వైపు పోయాను. దీపం ఉండగా డ్రైవరుకు ఎందుకు కనబడలేదని పోలీసులు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో అంతా బయటపడుతుంది. నా బుర్ర అంత చురుగ్గా ఎప్పుడూ పని చేయలేదు. లాంతరు కొక్కెం తప్పించి, ఊది ఆర్పి, కొంగు కింద పెట్టుకున్నాను. గాజు నిప్పులా ఉంది. నడుముకు అంటుకుని చర్మం ఊడింది.

బండి తోలిన మనిషి గట్టు కింద పుల్లల్లోంచి లేచి కుంటుకుంటూ వచ్చాడు. ఇరుసు కింద చేత్తో తడుముతున్నాడు. నన్ను చూశాడు.

"అమ్మా, నా బండికి దీపం ఉండాది గదా? నేనే ఎలిగించినాను. నువ్వు రోజూ ముందరే కూర్చోనుంటావు. నువ్వు జూసినావు గదా?"

"నేను జూడలా," అన్నాను.

ఆ మాట అనేటప్పుడు అతని దీపం నా కొంగు కిందే నన్ను కాలుస్తోంది.

పోలీసులకు కూడా అదే చెప్పాను. వాళ్ళు రాసుకున్నదాని మీద వేలిముద్ర వేశాను. దీపం లేని బండి దారికి అడ్డం వచ్చిందన్నారు. పెంచలయ్య జైలుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి మిగిలిన ఒక్క ఎద్దునూ ఇంట్లోవాళ్ళు అమ్ముకున్నారు. రంగమ్మవ్వ కొడుకు సంతలో అతని మొహాన ఉమ్మేశాడట. 'దీపం ఉండాది సామీ' అని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడట. చెప్పీ చెప్పీ కొన్నాళ్ళకు మానేశాడట. ఇదంతా శీకాయ అమ్ముతూ బజారులో విన్నాను. వింటూ తూకం వేశాను.

నా నడుం మీద కాలిన చోట ఆయనే వెన్న రాశాడు. ఎలా కాలిందని అడగలేదు. నువ్వు చూశావా అని కూడా అడగలేదు. అడిగి ఉంటే తిట్టుకునేవాళ్ళం, కొట్టుకునేవాళ్ళం, ఏదో ఒకటి అయ్యేది. ఓనరు ఆ వ్యానునే బాగుచేయించి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. నేను మళ్ళీ పక్కన కూర్చున్నాను. మళ్ళీ గొణిగాను. కొన్నేళ్ళకు పగలు కూడా చూపు తగ్గి, తానే దిగిపోయాడు. పోయిన ఏడు చనిపోయాడు. చనిపోయేదాకా నన్ను నోరు మూసుకోమని మళ్ళీ అనలేదు. అది కూడా నాకు శిక్షే.

లాంతరు పారేయలేదు. పారేస్తే ఎవరికయినా దొరుకుతుంది. అటక మీద పాత కుండలో పెట్టి, పైన గుడ్డలు కుక్కాను. దాని పిడి ఒకవైపు తెగితే పెంచలయ్య ఇనపతీగ చుట్టుకున్నాడు. ఆ తీగ చూస్తే చాలు, ఎవరిదో అతను చెప్పగలడు.

సాయంత్రం బడిలో పంతులమ్మ ఒకరోజు, మీకు ఇష్టమైన పేరు రాయండమ్మా అంది. అందరూ పిల్లల పేర్లు, దేవుళ్ళ పేర్లు రాశారు. నేను పెంచలయ్య అని రాశాను. "మీ అబ్బాయా?" అని అడిగింది. తల ఊపాను. చూశారా? అక్షరం వచ్చినా అబద్ధం పోలేదు.

నాకు ఎవరి మీద కోపమో కూడా తేల్చుకోలేకపోతున్నాను. నిండందే కదలనివ్వని ఓనరు మనిషి మీదా? కళ్ళు లేకుండా చక్రం పట్టిన మొగుడి మీదా? వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఎటు తిరిగినా ఆ చిన్న వెలుగు దగ్గరకే వస్తాను. దాన్ని చూసింది నేను.

ఇంతవరకూ రాసి, పొద్దు పోయేలోగా కాగితాలు మడిచి పెట్టాను. మరునాడు పొద్దున లాంతరు దించాను. గాజు తుడిచాను. కొత్త వత్తి వేసి, కిరసనాయిలు పోసి, మర్రిపాడుకు వ్యాను ఎక్కాను. తోలేవాడు కొత్తవాడు. వెనక ఇంకో వ్యాను వస్తోందని దుమ్ము రేపుతూ తోలుతున్నాడు. నిదానంగా తోలు నాయనా అన్నాను. "దిగి నడిచి రా అవ్వా, ఇంకా నిదానంగా ఉంటాది," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఏమీ మారలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా.

మర్రిపాడులో టీ కొట్టు ముందు లారీకి వేరుశనగ బస్తాలు ఎత్తుతున్నారు. అందులో పెంచలయ్య ఉన్నాడు. గడ్డం నెరిసింది. నేను కొట్టు బెంచీ మీద లాంతరు పెట్టి, అగ్గిపుల్ల గీసి వెలిగించాను. ఎండలో ఆ వెలుగు కనబడీ కనబడనట్టు ఉంది. జనం చూస్తున్నారు. నేను గట్టిగా చెప్పాను. పెంచలయ్య బండికి దీపం ఉంది. ఆర్పింది నేను. మా ఆయనకు చీకటి పడితే చూపు లేదు, అది దాచడానికి ఆర్పాను.

అతను బస్తా దించి దగ్గరకు వచ్చాడు. పిడికి చుట్టిన తీగను వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత ఆనాటి మాటే మళ్ళీ అడిగాడు.

"అయితే నువ్వు జూసినావు గదా?"

"చూసినాను. గుద్దకముందే చూసినాను. చెప్పలేదు."

అతను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నా మొహం వైపు చూడనే లేదు. వంగి, వత్తి తగ్గించి, దీపం ఊదాడు.

"పట్టపగలు కిరసనాయిలు దండగ," అన్నాడు.

లాంతరు తీసుకుపోయి, చెట్టు కొమ్మకు తన తుండుగుడ్డ పక్కన తగిలించాడు. మళ్ళీ బస్తా కిందకు వంగాడు. బెంచీ మీద అంటిన మసిని కొంగుతో తుడిచి, నేను ఆత్మకూరు దారి పట్టి నడిచాను.