కుర్రు ఎవరిదో చెప్పిన సొరబుర్ర

మొన్న టీవీలో గ్రీసు, తుర్కీ దేశాలు దీవుల మీద, సముద్రపు హద్దుల మీద మళ్ళీ మాటా మాటా అనుకుంటున్నాయని వార్త వస్తుంటే మనవరాలు ఛానల్ మార్చబోయింది, నేను వద్దన్నాను. అంత దూరపు సముద్రంతో ఈ తాతకేం పని అనుకొని ఉంటుంది. మా బాపుకూ అవతలి ఒడ్డు మామకూ మాటలు ఎందుకు ఆగిపోయాయో నేను రాసిపెట్టకపోతే తప్పు గోదావరి మీదికి పోతుంది, అందుకే ఈ నాలుగు మాటలు.

మాది గోదావరికి కరీంనగర్ వైపు ఒడ్డు, మామది ఆదిలాబాద్ వైపు. చుట్టరికమేమీ లేదు, బాపు ఆయనను బావా అని పిలిచేవాడు కనుక మాకు మామ అయ్యాడు. నది నడుమ రెండు పాయల మధ్య ఇసుక మేట ఒకటి తేలేది, కుర్రు అనేవాళ్ళం. వరద తీశాక దాని మీద పుచ్చ విత్తనం పెడితే ఎండాకాలానికి కాయలు. ఆ ఏడు కుర్రు ఎవరిదో సొరబుర్ర చెప్పేది. ఎగువన ఉన్న బండ మీది నుంచి ఎండిన సొరకాయ బుర్రను నీళ్ళలో వదిలితే, అది ఏ పాయలో పోతే అదే ఆ ఏటి అసలు గోదావరి. మా ఒడ్డు పాయలో పోతే కుర్రు మామది, ఆయన ఒడ్డు పాయలో పోతే మాది. ఎవరు గెలిచినా మొదటి కోత కాయలు మాత్రం ఓడినవాళ్ళ ఇంటికే పడవలో వచ్చేవి. తాను గెలిచిన ఏడు అవి దించుతూ మామ, "ఏం చెల్లె, గోదారి గీసారి గూడ మా దిక్కే మొగ్గింది, జర సల్లగ తినుండ్రి" అని మా అవ్వను, అంటే మా అమ్మను, ఉడికించేవాడు.

పదో తరగతితో చదువు ఆగిన నాకు తాలూకా గ్రంథాలయమే కాలేజీ. తుర్కీ ఒడ్డున నిలబడితే ఇండ్లు కనిపించేంత దగ్గరి దీవులు కూడా గ్రీసువేనని, ఒప్పందపు కాగితాల మీద అలా రాసుకున్నారని అక్కడే ఒక భూగోళం పుస్తకంలో చదివాను. అప్పటికి బుర్ర వరుసగా మూడేళ్ళు మా ఒడ్డు పాయలోనే పోయి కుర్రు మామకే దక్కింది. దీవి ఎవరిదో కాగితం చెప్పాలి గాని బుర్ర కాదని బాపుకు చెప్పి, తహసీల్ కచేరి నుంచి ఊరి హద్దులు గీసిన పటం, నక్షా, తీసుకొచ్చాను. కుర్రు మా ఊరి గీత లోపలే ఉంది. బాపు రెండు రోజులు దాన్ని చూరులో దోపి ఉంచాడు. మూడో రోజు, గింత సదివినోడు తప్పు చెప్తడా అని అవ్వతో అన్నాడు.

మామ బుర్ర పట్టుకొని బండ మీదికి వచ్చినప్పుడు నేనే నక్షా పరిచి చూపించాను. ఆయనకు చదువు రాదు. కాగితం కేసి కాసేపు చూసి, బాపు వైపు తిరిగాడు.

"కాయితం నీ దిక్కే ఉన్నది బావా. గోదారి ఎటున్నదో నువ్వే అడుగు."

బుర్రను చంకన పెట్టుకొని పడవెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలం మొదటి కోత కాయలు బాపే పడవ నింపుకొని తీసుకెళ్ళాడు. అవతల ఒడ్డున ఎవరూ దించుకోలేదు. నిండు పడవతోనే తిరిగొచ్చాడు. ఆ కాయలు ఇంట్లో ఎవరం కోయలేదు, బర్రెలకు వేశాం.

వానలు మొదలయ్యాక మళ్ళీ గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకమే తెరిచాను. తరువాతి పేజీలో ఉంది: దీవులకు కాగితం దొరికింది గాని వాటి చుట్టూ ఉన్న నీళ్ళకు, నీళ్ళ కింది నేలకు ఇంకా దొరకలేదని, ఇరుగుపొరుగు దేశాలు దాని మీదే పోట్లాడుకుంటున్నాయని. మొదటిసారి నాకు కావలసిన పేజీ దగ్గరే పుస్తకం మూసేశాను నేను.

బాపు పోయాడు, మామ పోయాడు. దిగువన కట్టిన ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి తన్ని నిలవడంతో కుర్రూ బండా మునిగిపోయాయి.

మూసే వేళ దాటినా నన్ను కూర్చోనిచ్చిన ఆనాటి గ్రంథాలయ పెద్దమనిషికి, ఇది రాస్తుంటే అవ్వ మాటలు గుర్తు చేసిన మా అక్కకు నా దండాలు. అందరికంటే ఎక్కువ రుణపడింది మామ కొడుకుకు. ఈ సంగతులు అడగడానికి పోతే దూలానికి వేలాడుతున్న బుర్రను దించి, "మా బాపు దీన్ని ఎవ్వల్ని ముట్టనియ్యలే" అంటూ నా చేతికే ఇచ్చాడు. ఇద్దరం ఒడ్డుకు పోయి నీళ్ళలో వదిలాం. అతను వాళ్ళ ఒడ్డు పాయ ఉన్న చోటు కేసి, నేను మా ఒడ్డు కేసి చాలాసేపు చూశాం. బుర్ర వదిలిన చోటనే నిలబడి ఉంది.