ఓళిగల విస్తరి ముందు చీర పంచాయితీ

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎక్కువ, జీతం తక్కువ, పట్టుదల ఆ రెండింటికంటే ఎక్కువ. ఇప్పుడు ఆకలి తగ్గింది, జీతం కాస్త పెరిగింది, పట్టుదల సంగతి మా ఇంటాయన్ను అడగాలి. ఎమ్మిగనూరులో మాది మగ్గం నేసే ఇల్లు. ఆదోనిలో ఒక బట్టల కొట్లో బిల్లులు వేసే ఉద్యోగం దొరికినప్పుడు, రోజూ బస్సులో పోయి రమ్మన్నారు ఇంట్లో. పెళ్లిళ్ల కాలంలో కొట్టు మూసేసరికి పొద్దుపోతుంది, గది తీసుకుని అక్కడే ఉంటానని నేను భీష్మించుకు కూర్చున్నాను. నాయన మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే షరతు పెట్టాడు. "ఎండకాలం దాటేదాకా నీ జీతంతో నువ్వు బతికి సూపీ. మద్దెలో ఒక్కసారి ఇంటికి సేయి సాపినావంటే ఆ నౌకరీ ఇడిసిపెట్టి వచ్చి కండెలు సుట్టు." కండెలు చుట్టడమంటే మగ్గానికి కావలసిన నూలును రాట్నం తిప్పుతూ చిన్న గొట్టాలకు ఎక్కించడం. బుద్ధెరిగినప్పటి నుంచి చుట్టీ చుట్టీ నాకు కలలో కూడా రాట్నమే తిరిగేది. చచ్చినా మళ్లీ దాని ముందు కూర్చోనని ఒట్టు పెట్టుకుని బస్సెక్కాను.

బతికి చూపించడం ఎంత కష్టమో ఆదోనిలో దిగాక తెలిసింది. గది అద్దె, నీళ్ల క్యాన్లు, కరెంటు బిల్లు ఒక ఎత్తు, నా నోరు ఒక ఎత్తు. పొద్దున్నే గది బయట అడుగు పెడితే సందు మొదట్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి. మధ్యాహ్నం ఎండకు నన్నారి షర్బత్. సాయంత్రం కర్బూజా పండ్ల బండి నా కోసమే ఆగినట్టు కొట్టు ఎదురుగా ఆగేది. మొదటి నెల జీతమంతా మిరపకాయ బజ్జీల నూనెలోనే మునిగింది. అప్పుడు నా గది పంచుకున్న కోడుమూరక్క రంగంలోకి దిగింది. (ఆమెది కోడుమూరు, ఆస్పత్రిలో నర్సు. పైసా జారనివ్వని మనిషి, కానీ తిండి దగ్గర నాకేమీ తీసిపోదు.) "తినేది మానమంటే నువ్వు ఏడుస్తావు. నేనూ ఏడుస్తా. అందుకని తినేది మానొద్దు, కొనేది మానుదాం. ఎండకాలంలో పిల్సి పెట్టేటోళ్లు తక్కువున్నారా ఈ పక్క?" అంది. ఆ మాట నాకు వేదవాక్కయింది. ఇకపై గదిలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. రుచులన్నీ ఊరి ఖర్చుతో.

శ్రీరామనవమి నాడు ఆదోనిలో మేం తొక్కని పందిరి లేదు. ఒకచోట పానకం పోసే పెద్దాయన మా ముఖాలు తేరిపార చూసి, "ఇందాకే తాగిపోతిరి కదమ్మా" అన్నాడు. కోడుమూరక్క చెక్కు చెదరకుండా, "ఇందాక వచ్చింది మా సెల్లెండ్లప్పా" అంది. ఆయన నవ్వాపుకుని ఇద్దరి గ్లాసుల్లోనూ నిండా పోశాడు. ఆ తర్వాత మాకు సిగ్గు పూర్తిగా వదిలిపోయింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. జాతరకు కొత్త బట్టలు కొన్నవాళ్లు మూట కట్టించుకుని లేచేటప్పుడు కొట్లో అందరినీ "జాతరకు రాండి" అని పిలుస్తారు. కొట్లో వాళ్లు "వస్తాం, వస్తాం" అంటారు. అనాలి, అంతే. పోకూడదు. మేం పోయాం. ఒక పల్లెటూరి పెద్దమ్మ మా కొట్లో మగ్గం చీర కొని అలా పిలిచిన పాపానికి, ఆదివారం పొద్దున్నే ఆటో పట్టుకుని ఆ ఊళ్లో దిగాం. ఎద్దులు బండలాగే పోటీలు చూసి గొంతు పోయేలా కేకలు పెట్టాం. భోజనాల వేళకు వాకిట్లో నిలబడితే పెద్దమ్మ నన్ను గుర్తుపట్టి, చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "సూడండే, బట్టల అంగడి పాప నిజంగానే వచ్చింది" అని ఇల్లంతా వినిపించేలా చెప్పింది. విస్తరి వేసి, పొయ్యి మీది నుంచి దించిన ఓళిగలు (మీరు బొబ్బట్లంటారు) పెట్టింది. వాటి మీద నెయ్యి, పక్కన పాలు, బెల్లం కలిపిన మామిడిపండ్ల రసం, అదే సీకరణ, గిన్నెడు. ఆ రోజు నేను తిన్న తిండి తల్చుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

అంతలో నా చేయి నా కొంప ముంచింది. నేత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒక జబ్బుంది. ఎదుటి మనిషి ముఖం కంటే ముందు ఒంటి మీది బట్ట కనిపిస్తుంది. కనిపిస్తే ఊరుకోం, వేళ్ల మధ్య నలిపి, తిరగేసి చూడాలి. పెద్దమ్మ వడ్డించడానికి వంగింది, కొంగు నా ముందు వాలింది, నా ఎడమచేయి దాని దారిన అది పోయి కొంగు పట్టుకుంది. "ఏం సూస్తాండావు పాపా?" అని అడిగిందామె. నోట్లో ఓళిగ ఉండగానే, "ఇది చేతి నేత కాదు పెద్దమ్మా, మరమగ్గంది" అనేశాను. పంక్తి మొత్తం చేతులు ఆపింది. "అదేంది పాపా, మీ అంగట్లోనే కదా తీసుకునింది. మీ సావుకారే కదా మగ్గం సీర అని సెప్పింది" అంది పెద్దమ్మ. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే రాట్నమే. కోడుమూరక్క నా తొడ గిల్లి, "ఎట్లాగూ నౌకరీ పోగొట్టుకుంటివి, ఇంగొక ఓళిగ ఏయించుకో" అని గొణిగింది.

మర్నాడు కొట్టు తెరవగానే పెద్దమ్మ చీరతో సహా దిగింది. మా సావుకారు ముఖం కందగడ్డయింది. "నీకెట్ల తెలుసు మరమగ్గమని?" అని నన్ను నిలదీశాడు. వెనక్కి తగ్గేది లేదనుకున్నాను. "మాది నేత ఇల్లు. నాకు తెలవదా?" అన్నాను. ఆయన అప్పటికప్పుడు చీరలు పంపే ఎమ్మిగనూరు వ్యాపారికి ఫోన్ చేశాడు. "నేసినోన్నే పంపిస్తా, ఆయప్పనే అడుగు" అన్నాడట అవతలాయన. మధ్యాహ్నం దాకా నేను బింకంగా బిల్లులు వేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సు దిగి, తలకు తువాలు చుట్టుకుని కొట్లోకి వచ్చిన మనిషిని చూసి నా బింకం కాస్తా దిగిపోయింది. వచ్చింది నాయన.

నాయన ఎవరినీ పలకరించలేదు. చీర మొత్తం పరిచి, కట్టుకుంటే కుచ్చిళ్ల లోపల దాగిపోయే కొసను చూపించాడు. అక్కడ పసుపు పోగు పక్కన నీలం పోగు. నేసినవాడు ఎవరో తెలియడానికి వేసుకునే గుర్తు అది. మా ఇంటి గుర్తే. (నేను చూసింది కొంగు మాత్రమే.) "ఇది నా సేతి సీర. కాదనింది ఎవురు?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. నాయన నన్ను చూసి, "ఏం సూసి సెప్పినావు?" అన్నాడు. "యాడా ఒక్క పోగు వంకర పోలేదు నాయనా. ఇంత సమంగా సేత్తో ఎవురు నేస్తారులే అనుకుంటి" అన్నాను. నాయన మీసం కింద నవ్వు దాచుకోవడానికి తంటాలు పడ్డాడు. పెద్దమ్మను చూపిస్తూ నాతో, "ఆయమ్మకు ఇనపడలేదేమో, ఇంగోసారి సెప్పు" అన్నాడు. పెద్దమ్మ చీరను గుండెకు హత్తుకుని, వచ్చే ఏటి జాతరకు నాయన్ను కూడా పిలిచింది. మా సావుకారు ఆ సాయంత్రం నుంచే ఆ కథ చెప్పి మిగిలిన మగ్గం చీరలన్నీ అమ్ముకున్నాడు. నన్ను తీసేసే మాట ఎత్తనే లేదు.

నాయన్ను బస్టాండుకు సాగనంపుతున్నా నా భయం తీరలేదు. సావుకారు వదిలినా నాయన వదలాలి కదా, ఆయన చీరనే మరమగ్గందన్నాను మరి. బస్సు కదలబోతుంటే ఇక ఆగలేక, "కండెలు సుట్టేదానికి వచ్చేయమంటావా నాయనా?" అని అడిగేశాను. "నిన్నా?" అన్నాడు నాయన కిటికీలోంచి. "నాయన నేసిన సీర ఏదో తెలవనిదానికి నా మగ్గం కాడ ఏం పని? ఈడ్నే ఉండు."

అలా నేను ఆదోనిలో ఉండిపోయాను. పట్టుదలతో నిలదొక్కుకున్నానని మా పిల్లలకు చెబుతుంటాను, వాళ్లు నమ్ముతుంటారు. నాయన మాత్రం ఆ ఎండాకాలమంతా ఎమ్మిగనూరులో కనబడినవాళ్లనల్లా ఆపి, "మా పాపకే తెలవలేదు, మిషను నేసిందనుకునింది" అని చెప్పుకుని మురిసిపోయాడట. ఆయన పనితనం గురించి నేను అంత మంచి మాట కావాలని ఎప్పుడూ అనలేదు. పొరపాటున అన్నది అదొక్కటే.