ఊఁ కొట్టే గుంట

నాకు చిరాకు జాస్తి. గొప్ప కోసం చెప్పడం లేదు, నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. క్లాసులో బలపం కిందపడినా నా పాఠం ఆగిపోతుంది. అందుకని ఏ బడికి వెళ్ళినా మొదటిరోజే పిల్లలకు నోటిమీద వేలు వేసుకోవడం నేర్పేస్తాను. మన్యంలో గూడెం కొత్తవీధి దాటి ఇంకా పైకెక్కితే వచ్చే ఒక కొండ ఊళ్ళో, ఉన్న ఒక్క టీచర్‌నీ నేనే అయినప్పుడు కూడా అదే చేశాను. వారం తిరిగేసరికి బడిలో చీమ చిటుక్కుమంటే వినిపించేది.

బడి వదిలాక ఆ నిశ్శబ్దమంతా నా మీదే పడేది. బడి వెనక గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఇంట్లో వాగుడుకాయ అని పేరు పడ్డ మనిషిని, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేకపోయారు. దిగులేసేది. ఏడుపొచ్చిన రోజులూ ఉన్నాయి. సిగ్నల్ కోసం కల్వర్టు దాకా నడిచి, అక్కడ నిలబడి పిల్లల కథలు డౌన్‌లోడ్ చేసుకునేదాన్ని. బొమ్మల కథలు, అక్షరాల పాటలు, ఏది కావాలంటే అది దొరికేది. మర్నాడు క్లాసులో వేస్తే పిల్లలు వేలు తియ్యకుండా చూసేవాళ్ళు. వాటిలో సింహాలున్నాయి, రాజులున్నారు, మా కొండ మాత్రం ఎక్కడా లేదు. మా కొండ కథ ఒక్కటైనా అందులో పెట్టాలని నాకు పంతం పట్టుకుంది.

బడి పక్కింట్లో ఒక మామ్మ, రెండో క్లాసు చదివే మనవరాలు, ఇద్దరే ఉండేవారు. మామ్మకు కథలొచ్చని పిల్లలే చెప్పారు. చలికాలం ఒక ఆదివారం, అరుగు మీద ఇద్దరూ రాజ్‌మా కాయలు ఒలుస్తుంటే వెళ్ళి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి కూర్చున్నాను.

"కొండమీద ఒక ఎలుగుండీది," అంది మామ్మ.

"ఊఁ," అంది పిల్ల.

"దానికో తేనెపట్టు దొరికినాది."

"ఊఁ."

నాకు చిరాకొచ్చింది. పిల్లకేసి చూసి నోటిమీద వేలు పెట్టాను. నా శిష్యురాలే కదా, ఠక్కున వేలు వేసుకుంది. మామ్మ ఆగిపోయింది. చేతిలో కాయ ఒలవడం కూడా మానేసింది.

"చెప్పు మామ్మా," అన్నాను.

"ఎవురికి సెప్పీది? ఊఁ కొట్టకపోతే ఇంటన్నట్టు నాకెలా తెలుత్తాది పంతులమ్మా?"

ఇంక చేసేదేముంది, వేలు తియ్యమన్నాను. తేనె దాచిన చోటు మరిచిపోయిన ఎలుగు, కనిపించిన చెట్టునల్లా అడుగుతూ తిరిగే కథ అది. వేటగాడు వచ్చినచోట పిల్ల ఊఁ సన్నగా వణికింది. ఎలుగు మళ్ళీ అదే చెట్టునడిగినప్పుడు నవ్వుతో కలిసి వచ్చింది. నేనివన్నీ అప్పుడు పట్టించుకోలేదు.

కల్వర్టు దగ్గరికెళ్ళి కథ పంపాను. పిల్లల కథలు ఇంటర్నెట్‌లో పెట్టే అమ్మాయి ఒకతె తిరిగి మెసేజ్ పెట్టింది: "మేడం, మధ్యలో ఎవరో పాప శబ్దం వస్తోంది. ఉంచమంటారా, తీసేయమంటారా?" ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. తీసేయండి, కథ శుభ్రంగా ఉండాలి అన్నాను. ఫోన్ నిండిపోయిందని నా దగ్గరున్న రికార్డింగ్ కూడా చెరిపేశాను. రంగుల బొమ్మలతో, వెనకాల వేణువుతో కథ వచ్చింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

జూన్‌లో పిల్లను దూరంగా ఉన్న ఆశ్రమ పాఠశాలలో చేర్చారు. ఫారాలు నేనే నింపాను. నాలుగు రోజులకు మామ్మ బడి గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఆ కత ఓపాలి ఎయ్యి పంతులమ్మా. మా గుంట ఊఁ కొట్టీది ఇంటాను."

అందులో అది లేదని నాకు తెలుసు. అయినా వేశాను. మామ్మ ఫోన్ చెవికి ఆనించుకుని తన గొంతు తనే వింది. రెండు వాక్యాలు కాగానే తలెత్తింది.

"నా గుంటేదీ?"

చేసిందంతా చెప్పేశాను. ఆ అమ్మాయిని కూడా అడిగి చూశాను, అక్కడా పాతది మిగల్లేదు. మామ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కత బాగుంది. ఎవురికి సెప్పినానో తెల్డం నేదు," అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

దసరా సెలవులకు పిల్ల వస్తుంది, మళ్ళీ రికార్డు చేసి ఇస్తానని మాటిచ్చాను. మామ్మ నీళ్ళకు వెళ్తూ ఇంకెన్ని రోజులని అడిగేది. నేను క్యాలెండర్ చూసి చెప్పేదాన్ని. ఆమె కంటే నేనే ఎక్కువ ఎదురుచూశానేమో.

పిల్ల వచ్చింది. కాస్త పొడుగైంది, రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు. మామ్మ అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి ఫోన్‌లో ఉన్నవన్నీ తీసేసి ఖాళీగా తెచ్చుకున్నాను.

"కొండమీద ఒక ఎలుగుండీది," అంది మామ్మ.

పిల్ల నిటారుగా కూర్చుంది. ఒక చెయ్యి కట్టుకుని, రెండో చేతి వేలు నోటిమీద వేసుకుంది.

మామ్మ ఆగింది.

"ఊఁ కొట్టమ్మా," అన్నాను.

పిల్ల వేలు కొంచెం పక్కకు జరిపి, "ఈ కథ తెలుసు టీచర్, మా బడిలో టీవీలో వేశారు. అందులో మధ్యలో ఎవరూ మాట్లాడరు," అంది గుసగుసగా. మళ్ళీ వేలు పెట్టుకుని, మెచ్చుకుంటానని నాకేసి చూసింది.

మామ్మ ఇంకా మనవరాలి వైపే చూస్తోంది. ఉండబట్టలేక నేనే "ఊఁ" అన్నాను.

మామ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు కాదమ్మా," అని, పిల్లకు అంబలి పోసుకు రావడానికి లేచి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు నా క్లాసు సంతలా ఉంటుంది. తనిఖీకి వచ్చినాయన తిట్టిపోయాడు కూడా. ఆ రోజు రికార్డింగ్ ఎవరికీ పంపలేదు, చెరపనూ లేదు. మామ్మ మాట ఒకటి, తర్వాత ఎక్కడో కోడి అరుపు, ఊఁ కొట్టమనే నా మాట, పిల్ల గుసగుస, నా ఊఁ, చివర మామ్మ "నువ్వు కాదమ్మా". సాయంత్రాలు గదిలో అన్నం పొయ్యి మీద పెట్టుకుని అది వేసుకుంటాను. నా ఊఁ వచ్చేలోపే ఆపేస్తాను.