నీసు కారులో పాటపెట్టె

మల్లెపూల సెంటు వాసన తగిలితే నాకు కడుపులో తిప్పుతుంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆ సీసా పట్టుకుని చల్లడానికి వస్తుంటే నేను మెల్లగా భోజనాల వైపు జరిగిపోతాను. మా ఆవిడ దీన్ని నా తిక్కల్లో ఒకటిగా లెక్కేసుకుంది. ఆ రోత ఆటోనగర్‌లో, కార్తీకమాసంలో, ఒక పాత కారుకు స్టీరియో పెట్టించబోయినప్పుడు పట్టుకుంది.

ఆ కారు మా నాన్నది. తెల్ల అంబాసిడర్, టాక్సీ. చేపల హార్బర్‌లో తెల్లారకముందే గంపలు నింపుకుని ఊళ్ళోకి అమ్మకానికి బయల్దేరే ఆడవాళ్ళను బస్సుల్లో ఎక్కనిచ్చేవారు కాదు. ఆటోవాళ్ళు ముక్కు చిట్లించుకుని పక్కనుంచి పోయేవారు. మా నాన్న ఎక్కించుకునేవాడు. మనుషులు సీట్లలో, గంపలు డిక్కీలో, అది చాలకపోతే కాళ్ళ దగ్గర. ఆ గంపల నీళ్ళు కారి కారి కింద పరిచిన మందపాటి పట్టాలోకి, సీట్ల లోపలి కొబ్బరిపీచులోకి ఇంకిపోయాయి. ఎండకు ఎండి, వానకు నాని, నీసు వాసన ఆ కారుకు పుట్టుమచ్చలా ఉండిపోయింది. ఆ ఆడవాళ్ళలో ఒకావిడ మా అమ్మ. ఎంత రద్దీగా ఉన్నా ముందు సీటు ఆవిడకే ఉంచేవాడట నాన్న. మిగతావాళ్ళకు సంగతి అప్పుడే అర్థమైపోయిందట.

నాన్న పోయాక కారు నాకొచ్చింది. నేను పోర్టులో క్రేను నడుపుతాను, టాక్సీ తోలే తీరిక నాకు లేదు. ఆదివారం సాయంత్రం అమ్మను బీచ్ రోడ్డు మీద తిప్పి తీసుకురావడమే ఇప్పుడు ఆ కారుకున్న ఉద్యోగం. అమ్మకు నీటికాసుల జబ్బు చేసి చూపు పూర్తిగా పోయింది. ఇంట్లో మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. నెత్తిన గంపతో వీధి వీధీ తిరిగిన మనిషికి అంతకంటే నరకం లేదు. ఒక్క కారు దగ్గర మాత్రం ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయేది. మెట్లు దిగి, ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చుకుని, తిన్నగా కారు దగ్గరకు వచ్చేసేది. తలుపు తానే తీసుకుని ముందు సీట్లో కూర్చునేది. కూర్చోగానే చెయ్యి రేడియో గుండీ మీదకు వెళ్ళేది.

ఆ రేడియో చచ్చిపోయింది. అమ్మ గుండీ తిప్పేది, అది పలికేది కాదు, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేది. మరుసటి ఆదివారం మళ్ళీ తిప్పేది. నాకు చూడబుద్ధి కాలేదు. కొత్త స్టీరియో పెట్టిద్దామనుకున్నాను. అయితే డాష్‌బోర్డు మీద ఒక్క గీత కూడా పడకూడదు. పాత గుండీలు పాత చోటే ఉండాలి, లోపల యంత్రం మాత్రం కొత్తది ఉండాలి. ఆవిడ వేళ్ళకు ఏ తేడా తెలియకూడదు. చాలా తెలివైన ఆలోచన చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

ఆటోనగర్‌లో కార్లకు స్టీరియోలు బిగించే అతను నాకు బాగా తెలిసినవాడే. అనకాపల్లి వైపు పల్లెలో వ్యవసాయం మానేసి వచ్చి షాపు పెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో మేమిద్దరం బావా అంటే బావా అనుకుంటాం. ఆ శనివారం నేను వెళ్ళేసరికి నల్లబట్టల్లో, నుదుటి నిండా గంధంతో ఉన్నాడు. అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాళ్ళకు లోకమంతా స్వామే కాబట్టి నేనూ స్వామినైపోయాను.

ఆ షాపంటేనే నాకు వెగటు. గోడ మూలల్లో గుట్కా ఉమ్ములు. ముందు మురిక్కాలవ, దాని మీద బల్లచెక్క, దాన్ని తొక్కితే కింద నుంచి నల్లటి నీళ్ళు చింది ప్యాంటు మీద పడతాయి. లోపల ఎవడిదో కారు, సీట్ల కింద నీలం లైట్లు, తలుపు రేకులు గడగడలాడేలా దడదడమనే బాజా. దాని పక్కన ఓ కుర్రకారు గుంపు నిలబడి ఆ మోతకు తలలాడిస్తోంది. ఆ చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి.

"డేష్‌బోర్డు కొయ్యకుండా ఏటి పెడతాం స్వామీ?" అన్నాడతను. "టీవీ అంత స్క్రీనెట్టి, కింద బ్లూ లైటింగిచ్చీసాననుకో, రోడ్డు మీద అందరూ సూడాల."

"ఎవుడూ సూడక్కర్నేదు. మాయమ్మకి సూపు నేదని తెల్దా నీకు? సేతికి పాత గుండీయే తగలాల. డేష్‌బోర్డు మీద నువ్వు బొక్కెట్టినావంటే మర్యాదుండదు."

"ఇంత కరుసెట్టి కనబడకపోతే మరేటి లాభం?"

చూపించుకోవడానికి కాకపోతే వస్తువెందుకన్న ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. అయినా తాళంచెవి అతని చేతిలోనే పెట్టాను. ఆ పని చేయగలవాడు చుట్టుపక్కల అతనొక్కడే.

డాష్‌బోర్డు వెనక ఏముందో చూద్దామని కింది రేకు విప్పాడు. బొలబొలమని ఎలుక గూడు రాలింది. చింపిన కాగితాలు, దూది, ఎండిన రొయ్య పొట్టు, చచ్చి అట్టకట్టిన బల్లి, వాటన్నిటి మీదా పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుధూళి. అతను తలుపులోంచి బుర్ర బయటకు లాగేసి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటి స్వామీ ఈ నీసు కంపు? నాను మాలలో ఉన్నాను కదా."

"నీసు కారని నీకు ముందే ఎరికే కదా."

"ఎరికేగాని ఇంతనుకోనేదు. సర్లే, నువ్వెల్లు. నాను సూసుకుంతాను."

"డేష్‌బోర్డు?"

"ముట్టను స్వామీ. మాలలో ఉండి అబద్దమాడతానా?"

నాకు ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. క్రేను మీద కూర్చున్నా మనసంతా ఆ డాష్‌బోర్డు మీదే. ఎక్కడ డ్రిల్లు పెట్టేస్తాడో, ఎక్కడ గుండీ పీకి పారేస్తాడో అని ఒకటే గుబులు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ముందు డాష్‌బోర్డే తడిమాను. ఒక్క గీత లేదు. గుండీ తిప్పితే నా ఫోనులోని పాట సన్నగా, శుభ్రంగా, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా వచ్చింది. రెండో గుండీ తిప్పితే పాట మారింది. యంత్రాన్ని పాత రేడియో డబ్బాలోనే ఇరికించాడు. స్పీకర్లు ఎక్కడ దాచాడో వెతికినా కనబడలేదు. పనికి వంక పెట్టలేం. మనసులో మెచ్చుకున్నాను. అలా మెచ్చుకుంటూ ఊపిరి పీల్చానో లేదో, ముక్కులోకి ఏదో గుచ్చుకున్నట్టయింది.

మల్లెపూల సెంటు. దాని కింద ఫినాయిలు. దాని కింద సాంబ్రాణి పొగ. అద్దానికి రెండు సెంటుసీసాలు వేలాడుతున్నాయి. సీట్ల మీద మెరిసే కొత్త రెక్సిన్. కింద నల్లటి కొత్త రబ్బరు పట్టా.

"పాత సీట్లేవి? లోపల పీచేదీ?"

అతని మొహం వెలిగిపోయింది. "తీయించీసాను స్వామీ. అడుగునున్న పట్టా కూడా. పసుపునీల్లతో మూడుసార్లు కడిగించి, సాంబ్రాణి ఎయ్యించినాను. నీసన్నది నేకుండా పోయింది. దీనికి నాకేటీ ఇవ్వక్కర్నేదు. పెద్దామెకి నా తరపున."

ఒక్క ముక్క కోపంగా అనడానికి సందు లేకుండా చేశాడు. అతను నాకు అపకారం చేయాలనుకోలేదు. నిజంగానే ఒక అపవిత్రాన్ని వదిలించి నాకు పుణ్యం కట్టబెట్టాననుకుంటున్నాడు. ఆ నవ్వుమొహం చూస్తే నాకు అసహ్యం వేసింది. తిట్టగలిగితే కొంత తగ్గేదేమో.

పీచు ఎక్కడ పడేశారని అడిగాను. మురిక్కాలవ వైపు చూపించాడు. మా నాన్న కారు కడుపులోదంతా అక్కడే ఉంది. పట్టా సగం నీళ్ళలో మునిగి ఉబ్బిపోయింది. పీచు ముద్దల్ని ఒక పంది మూతితో కెలుకుతోంది. తిరిగి తెచ్చుకుందామని నిజంగానే ఒక అడుగు వేశాను. ఆ కాలవ కంపుకు ఆ అడుగు వెనక్కి తీసుకున్నాను. అందులో పడ్డాక అది మా కారు వాసన కాదు, ఆటోనగర్ వాసన.

దారి పొడుగునా అద్దాలు నాలుగూ దించి తోలాను. సెంటుసీసాలు గాజువాక దాటకుండానే పీకి పారేశాను. అవి తాకిన చెయ్యి మాత్రం ఎంత సబ్బు రుద్దినా వాసన వదల్లేదు.

సాయంత్రం అమ్మ మెట్లు దిగింది. ఒక్క క్షణం ఆగింది. గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. అక్కడే నిలబడిపోయింది.

"కారు తేనేదేటిరా?"

"ఇక్కడే ఉందమ్మా, నీ ముందే."

రెండు చేతులూ చాచి, తడుముకుంటూ వచ్చింది. నేను తలుపు తీశాను. కూర్చుని, సీటు మీద అరచేత్తో రాసింది. నేను చెయ్యి పట్టుకుని గుండీ మీద పెట్టాను. తిప్పింది. పాట వచ్చింది. పల్లవి అయ్యేదాకా వింది.

"పాట బాగుంది," అంది. "కారు ఎవుల్ది?"

"మనదేనమ్మా. నాన్నదే."

"మీ నాన్న కారు నాకు తెల్దేటిరా? ఇదెవులో పెల్లివోల్లది. దింపు నాయినా." చెయ్యి నా వైపు చాచింది. ఆ కారు దగ్గర మా అమ్మ నన్ను చెయ్యి అడగడం అదే మొదటిసారి. గుండీకి గీత పడకుండా కాపలా కాసిన నా తెలివి మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

మర్నాడు తెల్లారకముందే అమ్మే నన్ను కేకేసి లేపింది. "హార్బర్‌కి తీసుకెల్లు," అంది. ఆ కారులోనే వెళ్ళాం. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. హార్బర్‌లో నా చెయ్యి పట్టుకుని, వేలంపాటల వాళ్ళ అరుపుల మధ్య నిలబడి, ఒక గంపెడు కవళ్ళ చేపలు నాచేత కొనిపించింది. నేను గంపను డిక్కీ వైపు మోసుకుపోతుంటే ఆ చప్పుడుకే కనిపెట్టి, "అక్కడ కాదు, ఎనకాల సీట్లో ఎట్టు," అంది. "కింద గుడ్డెయ్యమాక."

పెట్టాను. ఐసునీళ్ళు కొత్త రెక్సిన్ మీద మెరుస్తూ జారి, కుట్ల సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. ఎవరైనా చూస్తే రోతపడేవాళ్ళు. నాకు మాత్రం ఆ రెండు రోజుల్లో మొదటిసారి కడుపు నెమ్మదించింది.

అమ్మ కారు పక్కన నిలబడి ముక్కుమీంచి కొంగు తీసి గాలి పీల్చింది. నేను ఆమె మొహంలోకి చూస్తున్నాను.

"కొత్త నీసురా ఇది," అంది. "పాతబడాల. అందాకా సెయ్యియ్యి."

ఇచ్చాను. నా చేతికింకా ఆ మల్లెసెంటు కంపే కొడుతోంది. అమ్మ మొహం చిట్లించింది, కానీ చెయ్యి వదల్లేదు.