చివరి గడిలో నంబరు

ఆ కంపెనీ లిఫ్టులు బాగుచేస్తుంది. వాళ్ల చేతిలో ఉన్న ప్రతి లిఫ్టులోనూ మీటల పక్కన ఒక స్టిక్కరుంటుంది, ఇరుక్కుపోతే ఈ నంబరుకు ఫోను చెయ్యండి అని. ఆ ఫోను ముందు ఎవరి దగ్గర మోగాలి, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరి దగ్గర మోగాలి అన్న వరుసను ఫోన్ల మిషన్లో పెట్టేది ముందు గదిలో కూర్చునే ఆవిడ. ఆవిడ అసలు ఉద్యోగం వచ్చినవాళ్లను పలకరించి లోపలికి పంపడం. పన్నెండేళ్ల కిందట మిషను బిగించడానికి వచ్చినతను ఎదురుగా కనిపించిన మనిషికి నేర్పి పోయాడు కాబట్టి ఇదీ ఆవిడ నెత్తినే పడింది. అప్పట్నుంచి అందరికీ ఫోనక్క.

వరుస పెద్ద చిక్కుదేం కాదు. డ్యూటీ మెకానిక్కుకు ఇరవై సెకన్లు, రెండో మెకానిక్కుకు ఇరవై, పెద్ద మెకానిక్కుకు ఇరవై. ముగ్గురూ ఎత్తకపోతే చివరి గడిలో ఉన్న నంబరు. ఆ గడి ఖాళీగా వదిలితే మిషను ఊరుకోదు. బిగించినతను ఆరోజు, "ప్రస్తుతానికి మీ సెల్ నంబరు చెప్పండి మేడమ్, పరీక్ష చూసుకోడానికి. తర్వాత మార్చుకోవచ్చు," అన్నాడు. ఆవిడ చెప్పింది. అతను పరీక్ష చూసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ ‘తర్వాత’ అన్నది పన్నెండేళ్లయినా రాలేదు.

ఇంట్లో ఈ ఫోను మీద జోకులు కూడా అరిగిపోయాయి. "పాలు పొంగి పొయ్యంతా అయిందంటే, ఎవరో పైకెక్కి దిగలేదన్నమాట," అంటుంది అత్తగారు. డ్రైవింగు స్కూలు నడిపే భర్త, "నా దగ్గర నేర్చుకునేవాళ్లు గోడకి గుద్దినా నన్నింతసేపు పట్టుకోరే," అంటాడు. కూతురు జోకులు వెయ్యదు. బళ్లో బహుమతి తీసుకుంటున్న ఫోటో ఒకటి చూపిస్తుంది. అందులో వెనకాల, తలుపు దగ్గర, ఫోను చెవికి ఆనించుకున్న తల్లి వీపు.

ఆ సోమవారం పాత మిషను తీసేసి కొత్తది పెట్టారు. సాయంత్రంలోగా వరుసలన్నీ మళ్లీ ఎక్కించాలి. తన నంబరు మాత్రం ఈసారి ఎక్కించకూడదని ఆవిడ ముందురోజే నిశ్చయించుకుంది. ఇంట్లో చెప్పలేదు. చెప్పి, జరక్కపోతే ఆ మొహాలు చూడాల్సింది తనే.

కొత్త వరుస రాస్తోందని తెలియగానే ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వచ్చారు. రెండో మెకానిక్కు మొదట వచ్చాడు.

"అక్కా, నన్ను మూడోవాడిగా వెయ్యవా? ఇంట్లో పసిపిల్ల. ఫోను మోగితే లేచిపోతోంది."

"మోగకుండా వణికేట్టు పెట్టుకో."

"వణికినా లేస్తోందక్కా. వాళ్లమ్మ చెవులు."

అతను పోయాక పెద్ద మెకానిక్కు వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "అమ్మాయ్, నన్నసలు తీసెయ్యి. మోకాళ్లు పనిచెయ్యట్లేదు."

"ఫోనెత్తడానికి మోకాళ్లెందుకన్నా?"

"ఎత్తితే పోవాలిగా." ఆయన తేలిగ్గా నవ్వాడు. "అయినా మేం ఎత్తకపోతే కొంపేం మునగదులే. నువ్వున్నావుగా."

ఆయన మాట తప్పుగా అనలేదు, మంచిగానే అన్నాడు. అదే ఆవిణ్ని పట్టుకుంది. పాత మిషను ఇంకా కరెంటులోనే ఉంది. దాన్నించి తన సెల్లుకు వచ్చిన కాల్స్ జాబితా తీసింది. మొదటి ఏడాదంతా కలిపి ఐదు. పోయిన నెల ఒక్కదాంట్లో ముప్ఫై ఒకటి. లిఫ్టులు ముసలివైపోతున్నాయని ఇన్నాళ్లూ అనుకుంది. పక్క వరుసలో మొత్తం కాల్స్ ఎన్నో చూసింది. అవేం పెరగలేదు. కింద పట్టుకునే చెయ్యి ఒకటుందని తెలిసి, పైవాళ్లు వదిలెయ్యడం నేర్చుకున్నారు. నేర్పింది తనే, ప్రతిసారీ ఎత్తి.

కోపం తెచ్చుకుందామని చూసింది గానీ దానిక్కూడా ఓపిక కావాలి.

కొత్త వరుస రాసిన కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. ఆయన చివరి గడి దాకా చదివి కళ్లజోడు తీశాడు.

"ఇది నా నంబరమ్మా."

"అవును సార్."

"నీదుండాలిగా ఇక్కడ?"

"ఇకనించి ఉండదు సార్."

"అదేంటమ్మా, నీ నంబరుందంటే నాకో ధైర్యం. పోనీ ఓ పని చెయ్యి. ఎవరూ ఎత్తకపోతే, సందేశం చెప్పండి అని ఓ గొంతు పెట్టించు. చాలా కంపెనీల్లో అదేగా."

"లిఫ్టులో ఉన్నవాడు సందేశం చెప్పి ఎక్కడికెళ్తాడు సార్?"

ఆవిడ జాబితా కూడా బల్లమీద పెట్టింది. ముప్ఫై ఒకటి దగ్గర ఆయన వేలు ఆగింది.

"మరి నేనూ ఎత్తకపోతే?"

"మళ్లీ మొదటివాడి దగ్గరికి వెళ్తుంది. ఎవరో ఒకరు ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటుంది."

"నువ్వు మాత్రం ఎత్తవు."

"నా దగ్గరికి రాదు సార్."

వరుస మిషన్లో ఎక్కించి, చివరి గడిలో ఇక తన నంబరు లేదని మూడు గంటలకు అందరికీ చెప్పింది. పెద్ద మెకానిక్కు, "అలిగావా అమ్మాయ్?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వి పనుల్లో పడ్డారు.

నాలుగింటికి ఎవరికీ చెప్పకుండా, బల్లమీది ఫోనునుంచి స్టిక్కరు నంబరు నొక్కింది. అద్దం అవతల వర్క్‌షాపులో డ్యూటీ మెకానిక్కు ఫోను వెలిగింది. అతను ఒకసారి చూసి నట్టు బిగించుకుంటూ ఉండిపోయాడు. రెండోవాడు జేబు తడుముకుని డ్యూటీవాడి వైపు చూశాడు. పెద్ద మెకానిక్కుది ఎక్కడ మోగిందో తెలియలేదు. తర్వాత గోడ అవతల మేనేజరు ఫోను మోగింది. మోగి ఆగింది. మళ్లీ వర్క్‌షాపులో మొదలైంది. ఆవిడ చెయ్యి రెండుసార్లు తన సెల్లు మీదికి పోయింది. అది నల్లగా పడుంది. కాల్ మళ్లీ చుట్టూ తిరిగి గోడ అవతలికి వచ్చింది.

"హలో? ఎవరండీ?" మేనేజరు గొంతు.

"ఆరో అంతస్తు దాటాక ఆగిపోయిందండీ. లైటు కూడా పోయింది," అంది ఆవిడ, లిఫ్టులో ఇరుక్కున్నదానిలా.

"ఏమ్మా, నువ్వా?"

"నేను కాదనుకోండి సార్. మాట్లాడండి."

"మెకానిక్కుని పంపిస్తా," అన్నాడు ఆయన.

"పంపిస్తారు. అతను వచ్చేసరికి అరగంట. అందాకా ఏంటి సార్?"

"ఏం మాట్లాడమంటావ్?"

"ముందు పేరడగండి."

"పేరడిగితే తలుపు తెరుచుకుంటుందా?"

"తెరుచుకోదు. కానీ పేరు చెప్పాలంటే మనిషి కాస్త ఊపిరి పీల్చుకోవాలి. అప్పటిదాకా పీల్చరు, అరుస్తూనే ఉంటారు."

కుర్చీ కిర్రుమంది. కాగితం లాక్కున్న చప్పుడు.

"పేరు," అన్నాడు ఆయన రాసుకుంటూ. "తర్వాత?"

"తర్వాతది తర్వాత సార్. ముందు అడగండి."

"నీ పేరేంటి?"

ఆవిడ ఫోనును రెండో చెవికి మార్చుకుంది. మొదటి చెవి అప్పటికే కాలిపోతోంది.

"పోలీసులు అడిగినట్టుంది సార్," అంది. "మళ్లీ అడగండి. కొంచెం మెల్లగా."