సోమమ్మ పట్టిన మునుం

మా కర్దనూర్‌లో సోమమ్మతో కలుపు కూలికి పోవడమంటే ఆడవాళ్లకు హడల్. వరుసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పట్టీ కలుపు తీసుకుంటూ ముందుకు సాగడాన్ని మునుం పట్టడం అంటాం. ఆ మునుంకు సోమమ్మే పెద్ద. ఆకు తెంపి వేరు వదిలేస్తే ఊరుకోదు. తీసిన కలుపును ఎవరి పట్టీ చివర వాళ్లే కుప్ప పెట్టాలి. ఎవరు ఒళ్లు దాచుకున్నారో ఆ కుప్ప చూస్తే తెలిసిపోవాలి. నా భార్య పుష్ప ఆ మునుంలోనే ఉండేది. ఇంటికొచ్చి సోమమ్మను నాలుగు తిట్లు తిడితే గాని ఆమెకు ముద్ద దిగేది కాదు.

పొలాలు గోదాములై, ప్లాట్లై కూలి తగ్గిపోయాక సోమమ్మ ఊరి బయటి పరిశోధన కేంద్రంలో తోటపనికి కుదిరింది. పడమటి కనుమల్లో, ఎడతెగని వానలు కురిసే అడవిలో వాళ్లకు పెద్ద కేంద్రం ఉంది. ఇది దాని శాఖ. ఫ్యాక్టరీల పొగ పీల్చే మా పిల్లలకు వానల అడవిని చూపించాలని, పోయిన అడవిని మళ్లీ మొలిపించడం ఎలాగో తేల్చాలని వాళ్ల తాపత్రయం. పచ్చ వల కప్పిన షెడ్డు, పైనుంచి సన్నటి తుంపర. మే నెలలో కూడా లోపల హాయిగా ఉండేది.

అక్కడ గ్రేస్ అనే సంగారెడ్డి అమ్మాయి పరిశోధన చేస్తోంది. కనుమల్లోని ఒక కొండ మీద ఐదు చోట్ల నుంచి మట్టి తెప్పించి, మధ్య మధ్య ఇటుకలు పెట్టి ఐదు పట్టీలుగా పరిచింది. గింజలేమీ చల్లలేదు. అడవి మట్టిలో దాగిన గింజలు వాటంతటవే మొలవాలి, ఏ చోట ఏవి పుట్టాయో చూడాలి. మట్టి తెచ్చిన ఆ వానాకాలమే అక్కడ కొండచరియ విరిగిపడి అడవి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇక ఆ కొండకు మిగిలిన విత్తనం మా ఊరి షెడ్డులో మొలిచినదే.

ఒక ఆదివారం గ్రేస్ ఆరాధనకని సంగారెడ్డి పోయింది. మర్నాడు పెద్ద కేంద్రం నుంచి అధికారులు వస్తున్నారు. బయటి తోటపనే తప్ప ఆ షెడ్డు సంగతి తెలియని సోమమ్మ లోపలికి తొంగి చూసి కంగారు పడింది. సాలు లేదు, వరుస లేదు, పట్టీల నిండా కలుపే. ఆ పిల్ల పరువేం కావాలి? వెంటనే పుష్పతో సహా నలుగురిని పిలుచుకొచ్చి, మనిషికో పట్టీ చొప్పున మునుం పట్టింది. మధ్యాహ్నానికి ఐదు పట్టీలూ అలికిన వాకిలిలా తయారయ్యాయి.

గ్రేస్ తిరిగొచ్చి షెడ్డు గుమ్మంలోనే కూలబడింది.

"నువ్వు పీకింది కలుపు కాదు సోమమ్మా," అంది. "అదే అడవి."

సోమమ్మ చూపు పట్టీల చివరలకు పోయింది. ఎవరి కుప్ప వారి దగ్గరే ఉంది, ఒక్కటీ కలవలేదు. పైనుంచి తుంపర పడుతూనే ఉంది. ఒక మొలకను ఎత్తి చూసింది. వేరు తెగకుండా అలాగే ఉంది.

"ఎవల కుప్ప వాళ్లే పట్టుండ్రి," అంది. "నారు పెట్టినట్టు మెల్లగ పెట్టుండ్రి. ఒక్క మొక్క పక్క పట్టీల పడ్డదంటే నా సంగతి ఎరికే గదా."

వరినాట్లు వేసి వేసి ఆరితేరిన చేతులవి. గ్రేస్ కూడా కళ్లు తుడుచుకుని వాళ్ల పక్కన కూర్చుంది. పొద్దుగూకేసరికి మొలకలన్నీ మళ్లీ తమ మట్టిలోకి చేరాయి.

మర్నాడు అవన్నీ తలలు వేలాడేశాయి. వచ్చిన అధికారులు పెదవి విరిచి, కొన్నాళ్లు చూద్దామని వెళ్లిపోయారు. సోమమ్మ అన్నం మానేసి షెడ్డులోనే కూర్చుంది. పచ్చటి అడవిని నా చేతులతోనే సంపిన అని పుష్పను పట్టుకుని ఏడ్చిందట. ఊరంతటినీ ఏడిపించే మనిషి ఆమె!

చివరికి ఒక పొద్దున గ్రేస్ మా వీధిలోకి పరుగెత్తుకొచ్చి, సోమమ్మను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వెనకాలే మేమందరం. నాలుగో పట్టీలో ఒక మొలక తల ఎత్తి లేత ఆకు విప్పింది. దాని పక్కన ఇంకొకటి. వారం తిరిగేసరికి కొన్ని పోగా, ఐదు పట్టీల్లోనూ పచ్చగా నిలబడ్డాయి. పుష్పా వాళ్లు షెడ్డులోనే చప్పట్లు కొట్టి బతుకమ్మ ఉయ్యాల పాట ఎత్తుకున్నారు. గ్రేస్‌కు పాట రాదు, అయినా ఆమె గొంతే గట్టిగా వినిపించింది.

మొన్నటి వానాకాలం, మోకాలెత్తు పెరిగిన ఆ మొక్కలను వాటి కొండకు తీసుకుపోయారు. వెంట సోమమ్మ కూడా పోవలసిందేనని గ్రేస్ పట్టుబట్టింది. నాటిన రోజు సాయంత్రం పుష్పకు ఫోన్ వచ్చింది. అవతల ఒకటే వాన హోరు.

"పెట్టినమే పుష్పా," అంది సోమమ్మ. "ఏ జాగ మొక్కను ఆ జాగలనే పెట్టినం. మన అడవి నిలవడ్డది."

పుష్ప నవ్వుతూనే ఏడ్చింది. విరిగిపడిన కొండకు కర్దనూర్ ఆడవాళ్లు దాని అడవిని తిరిగి ఇచ్చారని ఊరంతా పిలిచి చెప్పాలనిపించింది నాకు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను కూడా.