అచ్చులు నేర్పిన ఏడు

మా బడి వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఒక ఫొటో ఉంది. ఒకటో తరగతి పిల్లలు తెల్ల దుప్పటి మీద వంకర్లు తిరిగి పడుకుని ఉంటారు. పక్కన నేను నవ్వుతూ నిలబడి ఉంటాను. కింద 'ఆటపాటలతో చదువు' అని రాశారు. ఆ ఫొటో ఎడమ అంచు కత్తిరించేశారు. ఒక పిల్లాడి వీపు మీద ఆనిన చిన్న చెయ్యి మాత్రం మిగిలిపోయింది. అది ఎవరిదో ఆ బడిలో ఎవరూ చెప్పరు. అందుకని నేను రాస్తున్నాను.

నాకు టీచర్ ట్రైనింగ్ లేదు. ఇంటర్‌తో ఆగిపోయాను. మచిలీపట్నం గ్రంథాలయంలో కూర్చుని చదివినదే నా చదువు. పెడనలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరేనాటికి, చిన్నపిల్లలకు నాటకం ఆడిస్తూ పాఠం చెప్పడం మీద మూడు పుస్తకాలు చదివి నోట్సు రాసుకున్నాను. ట్రైనింగ్ అయిన టీచర్లలో ఒక్కరూ ఆ పుస్తకాల అట్టలు కూడా చూడలేదని లోలోపల గర్వంగా ఉండేది.

మొదటి వారంలోనే అచ్చులెన్నని అడిగాను. వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది.

"మా అమ్మోళ్ల షెడ్డులో బోలెడున్నాయి టీచర్. నెమలిది విరిగిపోయింది."

వాళ్ళమ్మ కలంకారీ షెడ్డులో పనిచేస్తుంది. ఆ ఇంట్లో అచ్చంటే బట్ట మీద గుద్దే చెక్క అచ్చే. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ పిల్ల నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. దసరా సెలవులు అయ్యేసరికి, ఇలాగే ఉంటే వచ్చే ఏడు చేర్చుకునేది లేదని హెడ్మాస్టరు గారు తేల్చి చెప్పేశారు.

అప్పుడు దుప్పటి తెచ్చి తరగతిలో పరిచాను. పిల్లలే అచ్చులు. ఒక్కొక్కరు ఒక్కో అక్షరంలా ఒళ్ళు వంచి పడుకోవాలి. అచ్చు గుద్దే మేస్త్రీ వచ్చి వీపు మీద చరిస్తే ఆ అక్షరాన్ని గట్టిగా పలకాలి. మేస్త్రీ ఎవరంటే ఆ పిల్లే. మూడు రోజులు చెయ్యి మాత్రమే ఆడింది. నాలుగో రోజు 'ఈ'గా పడుకున్న పిల్లాడి దగ్గర ఆగి, "జరగరా, అంచు కలవలేదు," అంది. ఆ మధ్యాహ్నం సంతోషంతో నాకు అన్నం సహించలేదు. నెల తిరక్కుండా అచ్చులన్నీ వరసగా చెప్పింది.

అక్కడితో ఆపాల్సింది. కానీ నా నోట్సులో ఇంకో మెట్టు ఉంది: పిల్లలు మాటలు సొంతంగా చేర్చుకోవాలి, పెద్దలు దిద్దకూడదు. దాన్ని తల్లిదండ్రుల సభలో చూపించాలనుకున్నాను. ముందు వరసలో కరస్పాండెంట్ గారు కూర్చుంటారు. ఆ షెడ్డు కూడా ఆయనదే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినా తట్టలేదు.

ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని వచ్చింది. దుప్పటి చుట్టూ ఒకసారి తిరిగింది. 'ఊ'గా పడుకున్న పిల్లను కాలి బొటనవేలితో కదిపింది.

"కళ్ళు కాలవలో పారేసొచ్చావా అమ్మా? గుడ్డ పాడైతే మీ అయ్య ఇస్తాడా? పో, రేపట్నించి ఆరబెట్టే పన్లోకి పో."

మాటలే కాదు, మధ్యలో నాలుక చప్పరించడం కూడా కరస్పాండెంట్ గారిదే. వెనక నుంచి ఎవరో "అచ్చు గుద్దినట్టు దించేసిందే" అన్నారు. షెడ్డు ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళమ్మ నవ్వలేదు.

సభ అయ్యాక ఆయన నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి మర్యాదగానే అడిగారు. "ఆ మాటలు మీరు రాసిచ్చారా అమ్మా?"

అవునండీ అంటే సరిపోయేది. నా ఉద్యోగం పోయేది, అంతే.

"లేదండీ, పిల్లలే సొంతంగా చేర్చుకునే పద్ధతండీ ఇది. ఇంట్లో విని ఉంటుంది," అన్నాను. పద్ధతి గురించి ఇంకో రెండు ముక్కలు కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

సోమవారం వాళ్ళమ్మను షెడ్డులోకి రానివ్వలేదు. వారం తిరక్కుండా గుడివాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, బడిలో ఉండిపోయిన పలక కోసం తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. పలక ఇచ్చి, వెళ్ళొస్తానని చెప్పవా అని ఆ పిల్లను అడిగాను.

"ఏం మాట్లాడకే," అంది వాళ్ళమ్మ. "టీచర్ గారు చెప్పేస్తారు."

ఆ పిల్ల నన్ను చూసి, హాజరుకి ఎత్తినట్టు చెయ్యెత్తింది.

పుస్తకం రాసేవాళ్ళు చివర్లో సాయం చేసినవారి పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పుకుంటారు. నాకు ఆ వీలు లేదు. అందరూ ఆ ఊళ్ళోనే పని చేసుకుని బతకాలి. గడువు దాటినా పుస్తకాలు అడగని లైబ్రేరియన్ గారికి, తన ఇంటి దుప్పటి ఇచ్చిన మా బడి ఆయమ్మకి, చెప్పగానే జరిగిన 'ఈ' పిల్లాడికి రుణపడి ఉన్నాను. వాళ్ళమ్మకి కృతజ్ఞత చెప్పే మొహం నాకు లేదు. ఆ పిల్ల పేరొక్కటైనా రాయాలని ఉంది. అది అచ్చుతోనే మొదలవుతుంది. ఈసారి మాత్రం చెప్పను.